తిరగేసి ఉతికిన ప్యాంటు

“దాన్ని ఆడ పెట్టు.”

కన్యక తలెత్తి చూసింది. స్నానాలగది గుమ్మంలో విశ్వేశ్వర్ చేతికర్ర మీద బరువంతా మోపి నిలబడి ఉన్నాడు. కట్టెకాలు తగిలించుకోలేదు. లుంగీ ఎడమవైపు మోకాలి కింద ఖాళీగా వేలాడుతోంది. పడకగది నుంచి ఇక్కడిదాకా ఒంటికాలి మీద ఎంత ఆత్రంగా వచ్చాడో అతని రొప్పు చూస్తేనే తెలుస్తోంది.

“ఆ ప్యాంటు ఆడ పెట్టమంటున్న. నేను ఉతుక్కుంట అని చెప్పిన కద నీకు.”

“బకెట్ల నాని ఉంటె తీసిన. తప్పా?”

“ఎవరు ముట్టమన్నరు?”

ఆ గొంతుకు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సత్యమ్మ పిండిచేతులతోనే బయటికి వచ్చింది. కొడుకును చూసింది. కోడలిని చూసింది. ఆమె చేతుల్లో నీళ్ళు కారుతున్న బూడిదరంగు ప్యాంటును చూసింది.

“ఏందిరా విశ్వం, పొద్దుపొద్దున్నే? ఇంట్ల పెండ్లాం ఉండంగ మొగోడు బట్టలు ఉతుక్కునుడేంది? మొన్నటి సంది సూస్తున్న. పనిమనిషి సూస్తె ఏమనుకుంటది? కోడలు మొగని బట్టలు ముడ్తలేదని ఊరంత చెప్తది.”

“నువ్వు లోపలికి పోమ్మా.”

“నేనెందుకు పోవాలె? కన్యకా, నువ్వన్న చెప్పు. మీరిద్దరు ఏమన్న మాటామాట అనుకున్నరా?”

ప్యాంటు కన్యక చేతుల్లో తిరగేసి ఉంది. ఎడమకాలి లోపలి అస్తరు మీద, మోకాలికి కొంచెం కింద, అరచేయంత మరక. సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోలేదు. మధ్యలో ఎర్రగా, అంచుల్లో పసుపుపచ్చగా ఉంది. అత్త దగ్గరికి వచ్చేలోపు ఆమె ప్యాంటును ఉండగా చుట్టి బకెట్టులో వేసి, పైన తన చీర కప్పింది.

“ఏం లేదత్తమ్మా. సబ్బు ఎక్కువ పెడుతున్న అని కోపమైతున్రు.”

విశ్వేశ్వర్ గట్టిగా ఊపిరి వదిలాడు. గోడ పట్టుకుని వెనక్కి తిరిగాడు.

“సబ్బుకు ఇంత లొల్లా?” అంది సత్యమ్మ, ఎవరితోనో తెలియకుండా.

ముందు వరండాలోంచి మామ నర్సింగరావు గొంతు వినిపించింది. “వాణ్ని జెల్ది తయారు గమ్మనుండ్రి. తినంగనే కోదాడ పోవాలె.”

*

గది తలుపు దగ్గరగా వేసి కన్యక మంచం పక్కన నేల మీద కూర్చుంది.

“సూపెట్టుండ్రి.”

“ఏంది?”

“కాలు.”

“నువ్వు సూడనిదా?”

“ఎన్నాళ్ళాయె సూపెట్టక? బట్ట నేను కడుత అంటె వద్దంటున్రు. లైటు తీసేసినంకనే పట్టీలు ఇప్పుతున్రు. నాకు తెలుస్తలేదనుకున్నరా?”

విశ్వేశ్వర్ గోడ వైపు చూశాడు. అక్కడ కట్టెకాలు చేరగిలబెట్టి ఉంది. పైన తోలు గిన్నె, దాని పట్టీలు, మోకాలికి అటూ ఇటూ ఇనుప బందులు. కింద పాలిష్ పెట్టిన నల్ల బూటు. ఆ బూటు ఎప్పుడూ పాతబడదు.

“జెర రాసుకపోయింది. మందు పెడుతున్న.”

“రాసుకపోతె చీము వస్తదా?”

ఆమె అతని లుంగీ అంచు మీద చెయ్యి వేసింది. అతను ఆ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. కానీ ఆ అరచెయ్యి కాలిపోతోంది.

“జరమున్నది మీకు.”

“నిన్న కల్లంల ఎండకు నిలబడ్డ. అదే.”

“హైదరాబాదుల పెద్ద డాక్టరు ఏమన్నడు? పుండయితె కట్టెకాలు తీసి పక్కకు పెట్టాలె, మానేదాంక తొడగొద్దు అన్నడా లేదా?”

“అన్నడు. ఇంకోటి గూడ అన్నడు. నువ్వు అప్పుడు బయట ఉంటివి, నీకు తెల్వదు.” అతను గోడ మీంచి చూపు తిప్పలేదు. “మల్ల చెడితె మోకాలు మీదికి కొయ్యాలె అన్నడు. మోకాలు పోతె ఈ కాలు పనికి రాదు. ఇగ రెండు సంకల కింద రెండు కర్రలే.”

కన్యక చెయ్యి అతని చేతిలోనే ఉండిపోయింది. వీధిలో ధాన్యం బండ్లు మిల్లు వైపు పోతున్నాయి. ఇరుసుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

“అందుకే చెప్తున్న. ఇయ్యాల్నే దవాఖానకు పోదాం.”

“ఇయ్యాల కోదాడ.”

“మిల్లు ఏడికన్న పోతదా?”

“పోతది. నాగేశ్వర్‌రావు చేతికి పోతది.”

ఆ పేరు ఆ ఇంట్లో వారం నుంచి నడుస్తోంది. సాగర్ కాలువ నీళ్ళు వచ్చిన దగ్గర్నుంచి కోదాడ చుట్టూ వరి పెరిగింది. అక్కడ భాగస్తులతో కలిసి కొత్త మిల్లు పెట్టాలని నర్సింగరావు నిరుటి నుంచి తిరుగుతున్నాడు. భాగస్తులకు కావలసింది ఒక్కటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ నిలబడి చూసుకునే మనిషి. నర్సింగరావు తన అన్న కొడుకు నాగేశ్వర్‌రావు పేరు చెప్పబోతుంటే విశ్వేశ్వర్ అడ్డం వచ్చాడు. నన్ను ఒకసారి వాళ్ళ ముందర నడవనియ్యండి, తర్వాత మీ ఇష్టం అన్నాడు.

“ఆ బావ సూసుకుంటె ఏమైతది? మన ఇంటి మనిషే కద,” అంది కన్యక.

“ఏం గాదు. మిల్లుకేం గాదు. నేను గీడ పంకా కింద కూసుంట. మా అమ్మ టిఫిను తెచ్చి ఇస్తది. పొద్దుగూకంగ ఎవరన్న వచ్చి, పాపం అని పోతరు. అట్లనే కూసున్న కన్యకా ఇన్ని దినాలు. ఇగ నాతోని గాదు.”

“మామయ్యకు చెప్తె ఒప్పుకుంటరు. ఒక నెల ఆగుమంటరు.”

“చెప్పు. చెప్తె నేను ఏడికీ పోను. కోదాడకూ పోను, దవాఖానకూ పోను. నీతోని మాట్లాడ గూడ.”

చివరి మాట చిన్నపిల్లవాడిలా అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే కన్యక నవ్వేది.

“ఇయ్యాల ఒక్కనాడు,” అన్నాడు గొంతు తగ్గించి. “మాట్లాడుకునుడు అయిపోతె రేపు పొద్దున నేనే దవాఖానకు వస్త. నీ మీద ఒట్టు.”

*

ఆ ప్యాంట్లు ఈ ఇంట్లోకి తేలిగ్గా రాలేదు.

నర్సింగరావు ఇంట్లో మగవాళ్ళంతా పంచెలే కట్టేవాళ్ళు. గద్దె మీద కూర్చునే షావుకారు ప్యాంటు వేసుకుంటే రైతు నమ్మడని ఆయన పట్టుదల. నిరుడు కోతల కాలంలో, మిల్లు మంచి ఊపులో ఉన్నప్పుడు, విశ్వేశ్వర్ పంచె కుచ్చిళ్ళు మిషను బెల్టులో చిక్కుకున్నాయి. ఎంత జరగాలో అంత క్షణంలో జరిగిపోయింది.

కట్టెకాలు వచ్చిన తర్వాత కూడా సత్యమ్మ అలవాటు కొద్దీ మడత పంచెనే తెచ్చి మంచం మీద పెట్టేది. పంచె ఇనుప బందుల్లో ఇరుక్కునేది. గాలికి తొలగితే తోలు పట్టీలు బయటపడేవి. ఒకసారి అరుగు దిగుతూ విశ్వేశ్వర్ అందరి ముందూ బోర్లా పడ్డాడు. ఆ తర్వాత వీధి గడప దాటడం మానేశాడు.

“ప్యాంటు గుట్టియ్యండ్రి,” అని భోజనాల దగ్గర అడిగాడు ఒకనాడు.

“మనింట్ల ఎవడన్న ప్యాంటు ఏసిండా?” అన్నాడు నర్సింగరావు.

“పంచె కట్టబట్టే నాయినా, ఈ కాలు పోయింది.”

నర్సింగరావు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. సత్యమ్మ కొడుకును తిట్టింది. కొడుకు తల ఎత్తలేదు. మర్నాడు మామ కన్యకను వరండాలోకి పిలిచి, ఆమె ముఖం చూడకుండా అన్నాడు. “ఏ బట్ట గావాల్నో నువ్వే సూడు బిడ్డా. కాని ఈ ఊర్ల గుట్టియ్యకు.”

విశ్వేశ్వర్ ఏ దర్జీ చేతా కొలిపించుకోనన్నాడు. అందుకని టేపు కన్యకే పట్టింది. నడుము, సీటు, తొడ. నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి. కూర్చుంటే ఇనుప బందు మోకాలి పక్కన పొడుచుకు వచ్చేది. అది కనపడకూడదు. నిలబడితే గుడ్డ బూటు మీదికి దిగాలి, నేలకు మాత్రం రాసుకోకూడదు. ఆమె కింద మోకరిల్లి చివరి కొలత తీస్తుంటే అతను పైనుంచి అన్నాడు:

“మొత్తానికి నన్ను బట్టల షాపుల బొమ్మను జేసినవ్.”

కాలు పోయిన తర్వాత అతను వేళాకోళం ఆడటం అదే మొదటిసారి. కన్యక టేపు చూస్తున్నట్టు చాలాసేపు తల దించుకునే ఉంది.

సూర్యాపేట ఆమె పుట్టిల్లు. బస్టాండు వెనక సందులో జైరాం అనే దర్జీ ఆమె అన్నలకు కుట్టేవాడు. ఆమె కొలతలు చెబుతుంటే ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకుంటూ రాసుకున్నాడు.

“షికారుకు ఏసుకునేదా తల్లీ, ఆఫీసుకా?”

“ఊర్ల తిరగనీకి. ఊకెనే ఏసుకోనీకి.”

“అట్లయితె టెర్లిన్ తీసుకో. పిల్లలంత గదే అడుగుతున్రు. ఇస్తిరి బాధ గూడ ఉండది.” టెర్లిన్ బట్ట తాను విప్పి బల్ల మీద పరిచాడు. నీళ్ళలా జారిపోయే మెరుపు గుడ్డ. కన్యక దాన్ని తన పిడికిలి మీద కప్పి చూసింది. వేళ్ళ కణుపులన్నీ పైకి తేలాయి.

“ఇది వద్దు. ఒంటికి అంటుకుంటది.”

“అంటుకునుడే ఫ్యాషను తల్లీ.”

“మందం బట్ట సూపెట్టు.”

డ్రిల్లు తాను తీశాడు. దాని కింద ఆమె పిడికిలి పోల్చుకోలేనట్టు అయిపోయింది. బూడిదరంగువి రెండు, కాఫీరంగుది ఒకటి ఎంచుకుంది.

“మోకాలి కాడ గింత లూజా? ఎడమకాలికే అస్తరా? కుడికాలికి వద్దా?” జైరాం పెన్సిలు ఆపాడు.

“రెంటికీ పెట్టు.”

“ఎవరికమ్మా ఇది?”

“మా ఇంటాయనకు.”

మిర్యాలగూడలో తమ మిల్లు ప్రమాదం సంగతి సూర్యాపేట దాకా వచ్చే ఉంటుంది. జైరాం కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “కింద వెడల్పు పెడత. ఇప్పుడు అందరూ బెల్‌బాటమే ఏస్తున్రు. ఎందుకేసినవని ఎవరూ అడగరు,” అన్నాడు. ఆమె లేచేటప్పుడు జాగ్రత్తలు కూడా చెప్పాడు. “చాకలికి ఎయ్యకు. బండకు కొడితె అస్తరు ఊడుతది. ఇంట్లనే తిరగేసి ఉతుకు. పిండకు, నీడకు ఆరెయ్యి. ఇస్తిరి చేస్తె మీద తడిబట్ట ఎయ్యి.”

ఆమె అట్లాగే చేసింది. తిరగేసిన ప్రతిసారీ ఇనుప బందు ఎక్కడ ఒరుసుకుంటోందో, ఏ కుట్టు వదులవుతోందో కనపడేది. అక్కడ సూదితో మళ్ళీ కుట్టేది. లోకానికి ఆ ప్యాంటు పైవైపే తెలుసు.

పైవైపు చాలా బాగుండేది. ప్యాంటు వేసుకున్న రోజు విశ్వేశ్వర్ బజారు చివరి దాకా నడిచి వెళ్ళి వచ్చాడు. సత్యమ్మ దిష్టి తీసింది. తర్వాత మిల్లుకు వెళ్ళాడు. తర్వాత గోదాములకు, కల్లాలకు, వేములపల్లి రైతుల దగ్గరికి. కాలు కనపడకపోవడంతో ఆ కాలు సంగతి అందరూ మరిచిపోయారు. కుర్చీ వేసేవాళ్ళు లేరు, కూర్చోమనేవాళ్ళు లేరు. బాగుపడ్డాడు అనుకున్నారు. అతను కూడా అనుకున్నాడేమో.

కొన్నాళ్ళ కిందట, “ఇగనుంచి ప్యాంటు నేనే ఉతుక్కుంట. నీకు నడుము నొప్పి అంటివి గద,” అన్నాడు. కన్యక ఆ మాటకు మురిసిపోయింది కూడా.

*

“ఏది ఏసుకుంటరు?” అంది కన్యక, పెట్టె ముందు నిలబడి.

“కాఫీరంగుది.”

ఎందుకని ఆమె అడగలేదు. ముదురు రంగు మీద తడి కనపడదు.

పాత పంచె చింపి మెత్తగా మడిచి తెచ్చింది. అతను ఈసారి ఆమెను ఆపలేదు. బట్ట విప్పగానే వాసన వచ్చింది. ఆమె ముఖం తిప్పుకోలేదు. అతనే తిప్పుకున్నాడు. పుండు ఆమె అనుకున్నదానికన్నా పెద్దదిగా ఉంది. చుట్టూ చర్మం నల్లబడి, తాకితే నిప్పులా ఉంది. ఆమె వేడినీళ్ళతో కడిగి, పొడిబట్ట పెట్టి, దాని మీద మడత పెట్టి కట్టింది. తోలు గిన్నె ఎక్కించేటప్పుడు అతను మంచం పట్టె పట్టుకున్నాడు. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు.

“వద్దండి,” అంది ఆమె. “నా మాట ఇనుండ్రి. వద్దు.”

“పట్టీ జెర బిగ్గ లాగు.”

ఆమె లాగింది.

కాఫీరంగు ప్యాంటు వేసుకుని, తెల్ల చొక్కా లోపలికి దోపుకుని, అతను అద్దం ముందు నిలబడ్డాడు. పెళ్ళిచూపుల నాటి కన్నా బాగున్నాడు. కన్యక పొద్దున్నే చేసిన ఇస్తిరి మడత నడుము నుంచి బూటు దాకా గీత గీసినట్టు దిగింది.

“ఎట్లున్న?”

“మంచిగున్నరు,” అంది. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కారు వాకిట్లో ఉంది. డ్రైవరు ఫకీరా తలుపు తీసి పట్టుకున్నాడు. విశ్వేశ్వర్ అతని చెయ్యి అందుకోకుండానే ఎక్కాడు. నర్సింగరావు ఉత్తరీయం సర్దుకుంటూ మెట్లు దిగుతున్నాడు. కన్యక మంచినీళ్ళ చెంబుతో ఆయన వెనకే వెళ్ళింది.

“మామయ్యా.”

“ఏంది బిడ్డా?”

కారు కిటికీలోంచి విశ్వేశ్వర్ ఆమెనే చూస్తున్నాడు. బెదిరింపు లేదు ఆ చూపులో. పరీక్ష రాయబోయే పిల్లవాడి ముఖంలా ఉంది.

“ఏం లేదు. మీ ఇద్దరి బువ్వ డబ్బా వెనక పెట్టిన. మరవకుండ్రి.”

నర్సింగరావు ఆమె వైపు కొంచెం ఎక్కువసేపే చూశాడు. “మంచిది,” అని కారెక్కాడు.

*

ఆ పగలు ఎలా గడిచిందో కన్యకకు తర్వాత ఎప్పుడూ గుర్తు రాలేదు. బూడిదరంగు ప్యాంటు మళ్ళీ ఉతికింది. ఉప్పునీళ్ళలో నానబెట్టింది, నిమ్మకాయ రుద్దింది. మరక పలచబడింది కానీ పోలేదు. పెరటి వసారాలో, పనిమనిషి రాని చోట తీగ కట్టి ఆరేసింది.

మధ్యాహ్నం సత్యమ్మ పక్కన చాప వేసుకుని కూర్చుంది. ఆమె చాలా రోజులకు తీరిగ్గా ఉంది.

“నీకు చెప్పనే లేదు కన్యకా. మొదలు నేను గూడ ఒప్పుకోలే ఆ ప్యాంటుకు. ఇంటి మర్యాద పోతదనుకున్న. ఇప్పుడు సూస్తె, అది ఏసుకున్నంకనే నా కొడుకు మల్ల మనిషైండు. అంత నీ పుణ్యమే.”

“అట్లనకుండ్రి అత్తమ్మా.”

“ఎందుకనొద్దు? ఉన్న మాటే అంటున్న. వాడు దవాఖానలకెల్లి వచ్చినప్పుడు నేను దేవునికి ఒకటే చెప్పిన. వాణ్ని నిలబెట్టు, ఇంక నిన్నేం అడగ అని. నిలబెట్టిండు.”

కన్యకకు గొంతు దాకా వచ్చింది. అత్తమ్మా, ఆ కాలు కుళ్ళిపోతున్నది. అంతే. చిన్న మాట. కానీ సత్యమ్మ కళ్ళు తృప్తిగా సగం మూతబడి ఉన్నాయి. ఆ ముఖం మీద ఆ మాట ఎలా వేయాలో ఆమెకు తెలియలేదు. రేపు పొద్దున దవాఖాన, అనుకుంది. ఒట్టు వేశాడు. రేపు పొద్దున.

కాసేపటికి సత్యమ్మ నిద్రపోయింది.

*

దీపాలు పెట్టే వేళకు కారు వచ్చింది. కన్యక ఒక్క అంగలో వరండాలోకి వచ్చింది. ముందు ఫకీరా దిగాడు. వెనక తలుపు తెరిచాడు. నర్సింగరావు దిగాడు. ఫకీరా తలుపు మూసేశాడు.

“విశ్వం ఏడి?” అంది సత్యమ్మ ఆమె వెనక నుంచి.

నర్సింగరావు కుర్చీలో కూర్చున్నాడు. చెప్పులు విడవలేదు. “కోదాడల్నే ఉన్నడు. పని కుదిరింది. అందరూ వాడే ఉండాలె అన్నరు. మిషన్లు బిగించుడు రేపటి సంది మొదలట. పక్కనుండి సూసుకుంట అన్నడు. నెల దాటేదాంక రాడు.”

“నిజంగనా?” సత్యమ్మ రెండు చేతులూ జోడించింది. “నా తండ్రి! కన్యకా, ఇన్నవా? ఉండు, దేవుని కాడ దీపం పెట్టొస్త.” ఆమె దాదాపు పరుగున లోపలికి వెళ్ళింది.

వరండాలో ఇద్దరూ మిగిలారు. కన్యక స్తంభం పట్టుకుంది.

“మామయ్యా. ఆయన రేపు రావాలె. ఇక్కడ దవాఖానకు పోవాలె. నాకు మాటిచ్చిన్రు. మీకు పొద్దునే చెప్పాలనుకున్న. ఆయన కాలు…”

“నాకు తెల్సు.”

ఆమె ఆయన వైపు చూసింది. నర్సింగరావు వీధిలోకి చూస్తున్నాడు.

“పోయేటప్పుడు నా పక్కనే కూసున్నడు. కారు గుంతల పడ్డప్పుడల్ల పండ్లు కరుసుకున్నడు. ఆడ దిగినంక సీటు మీద తడి సూసిన. ఫకీరా గూడ సూసిండు. వాడు తువ్వాలతోని తుడిసిండు. నేను అటు తిరిగి నిలబడ్డ.”

“సూసి… ఊకున్నరా?”

“ఏం జెయ్యమంటవ్?” ఆయన గొంతు హఠాత్తుగా పెరిగి, వెంటనే పడిపోయింది. “కుర్చీ ఏస్తె వద్దన్నడు. మిషను కాడికి నడిసిండు. గోదాముల చివరికి నడిసిండు. అందరూ, మీ కొడుకు మంచిగైండు సేటు అన్నరు. నేను అవునన్న. వాడు నా దిక్కు సూసి నవ్విండు బిడ్డా. ఎన్ని దినాలైంది వాడు నా దిక్కు సూసి నవ్వక? మిల్లుల పంచె కట్టమన్నోణ్ని నేనే. ఇప్పుడు నడవకురా అని ఏ నోటితోని చెప్పాలె?”

కన్యకకు కోపం రావాలి. వచ్చింది కూడా. అది ఎవరి మీద పెట్టాలో తెలియక లోపలే తిరిగింది. పొద్దున పట్టీ బిగించి లాగింది తనే కదా.

“నేను పోత కోదాడకు. రేపు మొదటి బస్సుకే పోత.”

“పో.” నర్సింగరావు కళ్ళు మూసుకున్నాడు. “కాని నేను వచ్చేటప్పుడు వాడు నన్ను ఒకటే అడిగిండు. కన్యకను మాత్రం రానియ్యకు నాయినా అన్నడు.”

ఆమె స్తంభాన్ని వదిలేసింది. ఎక్కడ పట్టుకోవాలో తోచలేదు.

“ఎందుకు రానియ్యొద్దన్నడు?”

ఇద్దరూ తలలు తిప్పారు. సత్యమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో అగ్గిపెట్టె. దీపం ఇంకా వెలిగించినట్టు లేదు.

“సీటు మీద ఏం తుడిసిండు ఫకీరా?” అని అడిగింది. ఆ గొంతులో ఏడుపు లేదు, అరుపు లేదు. “మిమ్మల్నే అడుగుతున్న. నా కొడుక్కు ఏమైంది?”

నర్సింగరావు కన్యక వైపు చూసి చెయ్యి కొద్దిగా ఎత్తాడు. చెప్పొద్దు అన్నట్టు.

కన్యక గోడ వారగా ఉన్న పీట తెచ్చి గుమ్మం ముందు వాల్చింది.

“కూసోండ్రి అత్తమ్మా,” అంది. “చెప్త.”